బ్రేకు ధూళి: చక్రానికి పట్టేది కొంత, ఛాతీకి పట్టేది కొంత

కారు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే త్వరగా నల్లబడటం చాలామంది గమనించే ఉంటారు. అది కేవలం రోడ్డు మీది మట్టి అయితే నాలుగు చక్రాలకూ ఇంచుమించు ఒకే తీరున అంటాలి. బండిని ఆపే భారంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుల మీద పడుతుంది. అందువలన అరుగుదల అక్కడే ఎక్కువ, ఆ అరుగుదల నుంచి పుట్టే నల్లని పొడి కూడా అక్కడే ఎక్కువ.

ఈ పొడి నుంచి చక్రాల మెరుపును కాపాడుకొనే ఉపాయాలు చెప్పేవారికి కొదవ లేదు. ఆ ఉపాయాలను మరొక కొలబద్దతో కూడా కొలవాలని నా అభిప్రాయం. చక్రాన్ని కాపాడే పద్ధతి ఏదైనా, అది ధూళిని తక్కువగా పుట్టించేదిగా ఉండాలి. పుట్టిన ధూళిని గాలిలోకి లేపకుండా తడితో పట్టేదిగా ఉండాలి. ఈ రెండు నియమాలను పాటించని శుభ్రత, చక్రానికి పట్టిన మురికిని తీసి మనిషి ఊపిరితిత్తులలో వేయడమే అవుతుంది.

ఈ ధూళి ఎక్కడిది?

బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు పోత ఇనుప డిస్కును గట్టిగా పట్టుకొంటాయి. ఆ రాపిడిలో బండి వేగం వేడిగా మారుతుంది, డిస్కూ ప్యాడ్లూ కొద్దికొద్దిగా అరుగుతాయి. రాలే పొడిలో ఇనుమే ప్రధానం. ప్యాడ్ల మిశ్రమాన్ని బట్టి రాగి, యాంటిమొని, బేరియం, కర్బనం, వీటన్నింటినీ బంధించే రెసిన్ తునకలు కూడా అందులో ఉంటాయి. వేడి హెచ్చిన కొద్దీ అతి సూక్ష్మమైన రేణువుల సంఖ్య పెరుగుతుంది.

వేడి మీద ఉన్న ఇనుప రేణువులు అల్లాయ్ చక్రం పైపూతలో నాటుకొంటాయి. తేమ తగిలి అవి తుప్పు పడితే పూత దెబ్బతింటుంది, నారింజ రంగు మచ్చలు తేలుతాయి. నెలల తరబడి వదిలివేసిన చక్రాన్ని ఎంత రుద్దినా తెల్లబడకపోవడానికి కారణం ఇదే.

చక్రానికి అంటనిది ఎక్కడికి పోతుంది?

కొంత రోడ్డు మీద రాలుతుంది, కొంత గాలిలో తేలుతుంది. గాలిలో తేలే రేణువులలో 10 మైక్రాన్ల లోపువి శ్వాసమార్గంలో ప్రవేశిస్తాయి. 2.5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరగలవు. తల వెండ్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకొంటే ఇవి ఎంత చిన్నవో బోధపడుతుంది. ముక్కు వెండ్రుకలు, శ్వాసనాళాల జిగురు పెద్ద రేణువులను ఆపుతాయి, లోపలికి చేరిన సూక్ష్మ రేణువులను భక్షక కణాలు మింగుతాయి. ఆ పోరాటంలో తాపం పుడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగడం, దీర్ఘకాలంలో గుండె జబ్బుల ముప్పు హెచ్చడం సూక్ష్మ ధూళి వలన జరుగుతాయన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. బయటి గాలి కాలుష్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2013లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

ఆ కాలుష్యం అనగానే మనకు గుర్తుకు వచ్చేది పొగగొట్టం. చట్టాలు కూడా చాలాకాలం దాన్నే చూశాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల ప్రకారం డీజిలు కారు పొగగొట్టం నుంచి కిలోమీటరుకు 4.5 మిల్లీగ్రాములకు మించి రేణువులు వెలువడరాదు. బ్రేకుల నుంచి వెలువడే వాటికి అందులో పరిమితి లేదు. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనలు తొలిసారిగా బ్రేకు ధూళికీ హద్దు గీశాయి. కొత్త నమూనా కార్లకు 2026 నవంబరు చివరి నుంచి వర్తించే ఆ హద్దు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3 మిల్లీగ్రాములు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పొగ పరిశుభ్రమైన కొద్దీ, ఇన్నాళ్లూ లెక్కలోకి రాని బ్రేకు ధూళే పెద్ద పద్దుగా తేలుతోంది. మన నిబంధనలు కూడా దానిని లెక్కించే రోజు త్వరగా రావాలి.

మొదట ఎవరికి ప్రమాదం?

కారు యజమాని ఈ ధూళిని పీల్చేది తక్కువే. రోజంతా దాని నడుమ కూర్చొనేవాడు మెకానిక్. స్కూటరు, ఆటో, పాత కారు డ్రమ్ములలో రాలిన పొడి బయటకు పోక లోపలే పేరుకొంటుంది. డ్రమ్ము విప్పి, కంప్రెసర్ గొట్టంతో ఒక్కసారి గాలి కొడితే షెడ్డంతా నల్లని మబ్బు కమ్ముతుంది. పక్కన పానాలు అందించే కుర్రవాడు దానినంతా పీలుస్తాడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోటులలోనూ, ఊరి చివర చెట్టు కింది షెడ్డులోనూ ఈ దృశ్యం కొత్త కాదు.

దీనికి ఆస్బెస్టాస్ తోడైతే ముప్పు మరింత తీవ్రం. వేడికి తట్టుకొంటుందని బ్రేకు లైనింగులలో దానిని దశాబ్దాల పాటు వాడారు. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలే. దాని నారలు ఊపిరితిత్తులలో చేరిన 20, 30, 40 సంవత్సరాలకు కూడా పుపుసవేష్టనంలో, అనగా ఊపిరితిత్తుల పైపొరలో, మీసోథీలియోమా అనే ప్రాణాంతకమైన కంతి పుట్టవచ్చు. మన సర్వోన్నత న్యాయస్థానం 1995లో ఇచ్చిన తీర్పులో ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 సంవత్సరాలు భద్రపరచాలని ఆదేశించడానికి కారణం ఈ జాప్యమే. చెట్టు కింది మెకానిక్ పేరు అటువంటి ఏ రిజిస్టరులోనూ ఉండదు. దేశంలో ఆస్బెస్టాస్ వాడకంపై సంపూర్ణ నిషేధం ఇప్పటికీ లేదు. విప్పిన లైనింగులో అది ఉన్నదో లేదో కంటితో చూసి చెప్పలేము. కనుక ఉన్నదనే భావించి మెలగడం వివేకం.

మెరిపించే ద్రవాలతో జాగ్రత్త

చక్రాలకు వాడే ద్రవాలలో కొన్ని ధూళి కంటే ప్రమాదకరం. ఇనుప రేణువులను తాకగానే ఊదా రంగుకు మారే ద్రవాలలో థయోగ్లైకొలేట్ ఉంటుంది. రోమాలు తొలగించే క్రీములలోనూ ఇదే పదార్థం. కుళ్లు వాసన, చర్మానికి మంట తప్పితే, చేతితొడుగులతో ఆరుబయట వాడుకొంటే పెద్ద భయం లేదు. అసలు భయం ఆమ్లాలతో. కొన్ని చక్రాల శుభ్రక ద్రవాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని ఉంటుంది. పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మాన్ని తాకినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. గంటల తరువాత లోతైన, భరించరాని నొప్పి మొదలవుతుంది. అది లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియంను బంధిస్తుంది, తీవ్రమైతే గుండె లయ తప్పుతుంది. చర్మం మీద పడితే తక్షణం ధారాళంగా నీటితో కడిగి, నొప్పి లేకపోయినా, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి కాల్షియం గ్లూకొనేట్ చికిత్స ఉన్నది, కాని కారణం తెలిస్తేనే వైద్యుడు దానిని వాడగలడు. స్నానాల గది కడిగే ఆసిడ్‌తో అల్యూమినియం చక్రాలను రుద్దే అలవాటు కూడా మానాలి. చక్రమూ పాడవుతుంది, ఆ ఆవిరి శ్వాసమార్గాన్నీ బాధిస్తుంది.

పాటించవలసినవి

చక్రాలు పూర్తిగా చల్లారిన తరువాత, వారానికొకసారి నీటితో తడిపి, కారు షాంపూతో, మెత్తని బ్రష్‌తో కడగండి. పొడిగుడ్డతో దులపకండి, గాలి కొట్టకండి. మరకలు ముదరనివ్వకపోతే ఘాటైన ద్రవాల అవసరమే రాదు. శుభ్రమైన చక్రానికి మైనం గాని, సిరామిక్ పూత గాని వేయిస్తే ధూళి అంత గట్టిగా పట్టదు. కడిగిన పిమ్మట కొద్ది దూరం నెమ్మదిగా నడిపి, బ్రేకును రెండు మూడు సార్లు తొక్కి తడి ఆరనివ్వండి. చక్రానికీ డిస్కుకూ నడుమ బిగించే ధూళి పళ్లేలు నేను సిఫారసు చేయను. అవి డిస్కుకు తగిలే గాలిని అడ్డగిస్తాయి, మితిమీరి వేడెక్కిన బ్రేకు ఘాట్ రోడ్డులో పట్టు తప్పవచ్చు.

ప్యాడ్లు మార్చేటప్పుడు ఆస్బెస్టాస్ లేదని ముద్రించిన, మీ బండికి తగిన నాణ్యమైనవే అడగండి. సిరామిక్ ప్యాడ్లు సాధారణంగా తక్కువ ధూళిని ఇస్తాయి. ముందున్న సిగ్నలును చూసి ముందుగానే యాక్సిలరేటరు వదిలితే బ్రేకూ, ధూళీ, ఇంధనమూ కలిసి వస్తాయి.

మెకానిక్‌తో ఒక్క మాట చెప్పండి: “గాలి కొట్టవద్దు, తడిపి తుడవండి బాబూ.” సబ్బు నీటితో మెల్లగా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఆరకముందే సంచిలో కట్టి పారవేయాలి. ముఖానికి చుట్టిన చేతిరుమాలు సూక్ష్మ రేణువులను ఆపలేదు. ఎన్-95 మాస్కు మేలే, కాని తడి పద్ధతికి అది ప్రత్యామ్నాయం కాదు. పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. ఆస్బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఆ జబ్బు వచ్చిన దాఖలాలు వైద్య చరిత్రలో ఉన్నాయి.

“ఇంత దుమ్ములో బతుకుతున్నాము, ఈ పిసరంత పొడితో ఏమవుతుంది?” అని కొందరు అడుగుతారు. రోడ్డు దుమ్మునూ, కట్టడాల ధూళినీ ఒక్కరం అరికట్టలేము. ఈ పొడి మాత్రం మన బండి నుంచి, మన కాలి కింద పుడుతున్నది. దానిని తగ్గించడానికి పట్టేది ఒక బకెట్ నీళ్లు, ఐదు నిమిషాల ఓపిక. బ్రేకు బాగుచేసే కుర్రవాడు ఇంకా నలభై ఏళ్లు ఊపిరి పీల్చవలసినవాడు. కాబట్టి ఈసారి బండిని షెడ్డులో వదిలేముందు ఆ తడిగుడ్డ మాట చెప్పి రండి.