క్షయ పరిశోధన ఫలితాలు సగమే అమలు

రోగి ఖాతాకు డబ్బు. ఇంటివారి తిండికి దాతలే దిక్కు

అనంతపురం: దగ్గుతో ప్రభుత్వ ఆస్పత్రికి పోయిన మనిషికి క్షయ అని తేలితే మందులు ఉచితంగా ఇస్తున్నారు. వాటితోపాటు తిండి ఖర్చు కింద బ్యాంకు ఖాతాలో డబ్బు వేసే పథకం 2018లో మొదలయింది. అప్పుడు నెలకు 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి దానిని వెయ్యి రూపాయలు చేశారు. పెంచడం సంతోషించదగినదే. కాని అంతకు ముందు ఏడాది వెలువడిన పరిశోధన చెప్పింది డబ్బు గురించి కాదు, తిండి సరుకుల గురించి. రోగి ఒక్కని గురించే కాదు, ఆ ఇంటిల్లిపాది గురించి. ఆ పరిశోధనకు సొమ్ము పెట్టింది కూడా ప్రభుత్వమే.

జార్ఖండ్‌లో ఏం చేశారు?

భారత వైద్య పరిశోధన మండలి సొమ్ముతో 2019 ఆగస్టులో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో ఈ పని మొదలయింది. 2,800 మంది రోగులను ఎంచుకుని వారి ఇళ్ళను రెండు భాగాలు చేశారు. రెండు వైపులా రోగికి నెలనెలా 10 కిలోల తిండి సరుకులు ఇచ్చారు. ఒక వైపు ఇళ్ళలో మాత్రం మిగతా వారికి కూడా తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. ఇట్లా 10,345 మంది ఇంటివారిని 2022 దాకా కనిపెట్టి చూశారు.

2023లో ఫలితం ప్రకటించారు. ఇంటివారికి కూడా సరుకులు అందిన చోట కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం తగ్గింది. అంటే సుమారు సగం. దీనికి కొత్త మందు లేదు, సూది లేదు. బియ్యం, పప్పు, మాత్రలతోనే వచ్చిన ఫలితం ఇది.

రోగుల విషయంలో మరొకటి తేలింది. మొదటి రెండు నెలల్లో బరువు నూటికి ఐదు వంతులు పెరిగిన వారిలో మరణాలు 61 శాతం తక్కువగా వున్నాయి. 40 కిలోల మనిషికి ఐదు వంతులంటే రెండు కిలోలు. రెండు కిలోలు పెరగడానికీ పెరగకపోవడానికీ మధ్య ఇంత తేడా వున్నప్పుడు, ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో బరువు తూచే కాటా సరిగా పనిచేస్తున్నదా లేదా అన్నది చిన్న విషయం కాదు.

మద్రాసు నుంచి అనంతపురానికి

ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన పల్లె వైద్యాన్ని మార్చడం ఇది మొదటిసారి కాదు. ఒకప్పుడు క్షయ అంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఏర్పడింది. మంచం దొరికిన వాడికే వైద్యం, దొరకని వాడికి దైవమే దిక్కు. దేశంలో అందరికీ మంచాలు వేయడం అయ్యే పని కాదు.

1956లో మద్రాసులో వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి ఒక కేంద్రం నెలకొల్పాయి. అక్కడ 193 మంది రోగులను రెండుగా చేసి, కొందరిని శానిటోరియంలో వుంచి, కొందరికి ఇంటి దగ్గరే మందు ఇచ్చారు. శానిటోరియంలో తిండి, విశ్రాంతి మెరుగు. అయినా ఇంటి దగ్గర మందు మింగిన వారికి కూడా దాదాపు అంతే బాగా నయమయిందని 1959లో తేలింది. ఇంటివారికి రోగం అంటడం కూడా ఎక్కువ కాలేదు. జార్ఖండ్ పనిలో పాలుపంచుకున్నది కూడా ఈ కేంద్రమే. ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటున్నారు.

ఆ తర్వాత బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ వారు మన సరిహద్దునే వున్న తుమకూరు జిల్లాలో 34 గ్రామాలు తిరిగారు. పల్లెటూరి వారికి రోగం సంగతి తెలియదు, ఆస్పత్రికి రారు అని అప్పట్లో పెద్దల అభిప్రాయం. తీరా చూస్తే రోగం వున్న వారిలో సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్ళివచ్చారు. వారికి దక్కింది దగ్గు మందు సీసా. తప్పు రోగిది కాదు, తెమడ పరీక్ష చేయని ఆస్పత్రిది. జిల్లా మొత్తానికి క్షయ నివారణ పథకం ఎట్లా నడపాలో 1961లో తొలుత అమలుచేసి చూసింది అనంతపురం జిల్లాలోనే. మరుసటి ఏడాది అది దేశమంతటికీ పథకమయింది.

అప్పుడూ సగమే

అయితే మద్రాసులో రోగి ఇంటికి మనిషిని పంపేవారు. మాత్రలు మింగుతున్నాడా లేదా అని చెప్పకుండా వెళ్ళి చూసేవారు. పథకం పల్లెకు వచ్చేసరికి ఇంటి దగ్గర మందు అన్న మాట మిగిలింది, ఇంటికి వచ్చే మనిషి మిగలలేదు. 1992లో సమీక్షిస్తే సగం మందికి పైగా మందు పూర్తిచేయడం లేదని తేలింది. మందు వుంటే చాలు, తిండితో పనిలేదన్న అభిప్రాయం కూడా అట్లాగే పాతుకుపోయింది. రోగికి తిండి పేరుతో డబ్బు రావడానికి 2018 దాకా పట్టింది.

ఇప్పుడూ అదే ధోరణి కనిపిస్తున్నది. పరిశోధనలో ఇచ్చింది సరుకులు, పథకంలో ఇస్తున్నది డబ్బు. ఖాతాలో పడిన వెయ్యి అప్పువాడికి పోతున్నదో, పప్పుకు పోతున్నదో ఆ ఇంటివారికే తెలియాలి. సరుకుల రవాణా కష్టం, తూకంలో తరుగు వస్తుంది, డబ్బయితే నేరుగా చేరుతుంది అన్న వాదంలో కూడా నిజం లేకపోలేదు. రెండింటిలో ఏది మేలో వాదించుకోవడం కంటే, జిల్లాలో కొన్ని ఆరోగ్య కేంద్రాల పరిధిలో డబ్బు, కొన్నింట సరుకులు ఇచ్చి ఏడాది చూడవచ్చు. ఆశా కార్యకర్తలున్నారు, ఏ.ఎన్‌.ఎం.లున్నారు, రోగుల పట్టీ వున్నది. పని కోసం బెంగుళూరు పోయిన రోగికి మందు ఎట్లా అందించాలో కూడా ఇట్లాగే తేల్చవచ్చు.

దీనికి కావలసిన సొమ్ము పెద్దది కాదు. కాని అసలు పరిశోధనకు ఇస్తున్నదే కొద్ది. 2024–25లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖకు సుమారు 90,959 కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో వైద్య పరిశోధన విభాగానికి దక్కింది సుమారు 3,302 కోట్లు. రూపాయిలో నాలుగు పైసలు కూడా లేదు. పెద్ద సంస్థలు, ప్రయోగశాలలు కూడా ఆ సొమ్ములోనే నడవాలి.

ఇక ఇంటివారి సంగతి. 2024లో తీసుకున్న నిర్ణయం ప్రకారం వారి తిండిని ‘ని-క్షయ్ మిత్ర’ కింద దాతలకు అప్పగించారు. దాతలు ఎక్కువగా పట్టణాల్లో వుంటారు, వాన లేక వేరుశనగ పోయిన ఊళ్ళో దాత ఎవరు? ప్రభుత్వ ఖర్చుతో రుజువయిన వైద్యం దాత దొరికిన ఇంటికి ఒకటి, దొరకని ఇంటికి మరొకటి కావడం న్యాయం కాదు. నియమాల ప్రకారం ఇంట్లో ఒకరికి క్షయ వస్తే మిగిలిన వారి పేర్లు రాసుకోవాలి, పరీక్షలు చేయాలి, రోగం రాకుండా మాత్రలు ఇవ్వాలి. ఆ మాత్రల ఖర్చు ప్రభుత్వానిదే. పక్కన పెట్టవలసిన కిలోన్నర పప్పు ఖర్చు మాత్రం దాతది.