చూడొచ్చు, రాయకూడదా?

ఈసారి కంప్యూటర్ గురించి నాలుగు మాటలు. "మనకెందుకులే ఆ గోల" అని పేజీ తిప్పేయకండి. ఇది కూడా కేసుల సంగతే, కొట్లాట సంగతే.

మా వాడ సంఘం ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఉద్యోగం చేసే మనవాడొకడు కొత్తది కొనుక్కుని పాతది సంఘానికిచ్చాడు. టౌన్లో షాపుకి మోసుకెళ్తే అయిదొందలు తీసుకుని ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపారు. అది ఒరిజినలా, దొంగ కాపీయా అని మేం అడగలేదు. అడగాలని కూడా తెలీదు.

ఆ తర్వాత మా వాడ మనుషుల్ని కొట్టిన కేసొచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ అయింది. పదకొండు మంది సాక్షులు చెప్పిన మాటలు మా అన్న కూతురు రాత్రుళ్లు కూర్చుని ఆ కంప్యూటర్లోకి ఎక్కించింది. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్‌కి ఇవ్వాలి. ఆదివారం రాత్రి ఆఖరి రెండు పేజీలు పూర్తి చేద్దామని తెరిస్తే పైన ఎర్ర పట్టీ. యాక్టివేషన్ లేదట. రాసింది చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. కొత్తగా ఒక్క అక్షరం రాయడానికి లేదు, తప్పు దిద్దడానికి లేదు. షాపు మూసేశారు. ఫోన్ ఎత్తలేదు.

చేత్తో రాయొచ్చు కదా అంటారు. రాశాం. కార్బన్ పేపర్ పెట్టి తెల్లారేదాకా రాశాం. నిద్రమత్తులో ఇద్దరు సాక్షుల మాటలు తారుమారయ్యాయి. ఎదుటివాళ్లు ఆ తారుమారు కాగితాన్నే పట్టుకుని "ఇదంతా కూర్చుని అల్లిన కథ" అన్నారు. ఆ మచ్చ తుడుచుకోడానికి మేం పడ్డ పాట్లు మాకే తెలుసు.

చూడొచ్చు, రాయకూడదు. ఈ మాట మనకు కొత్తా? మన తాతల కాలంలో దస్తరం కరణం ఇంట్లో ఉండేది. చేను మనం దున్నినా అడంగల్లో ఎవరి పేరు ఎక్కాలో ఆయన కలం చెప్పేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ తీసేసింది. కరణీకం పోయింది. మన కాగితం ఇంకొకడి చేతిలో ఉండే అలవాటు మాత్రం పోలేదు. తాలూకాఫీసు చెట్టుకింద అర్జీలు రాసేవాడి చేతికి, అక్కణ్ణుంచి నెట్ సెంటర్ వాడి చేతికి, ఇప్పుడు 25 అక్షరాల తాళంచెవికి మారిందంతే.

కంపెనీవాడు మన కులం చూసి తాళం వేయలేదు, ఆ సంగతి నాకూ తెలుసు. డబ్బు కట్టనివాడు ఎవడైనా ఒకటే వాడికి. కానీ డబ్బు కట్టలేనివాళ్లు ఏ వాడల్లో ఎక్కువున్నారో మనకు తెలుసు కదా!

"పెద్ద కంపెనీ సరుకు ఊరికే వాడుకుంటే తప్పేంటన్నా?" అని కుర్రాళ్లు అడుగుతున్నారు. కంపెనీ నష్టం గురించి నేను ఏడవడం లేదు. మన నష్టం చూడండి. దొంగ తాళం తీసే ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు షాపువాడు మొదట చేసే పనేంటి? వైరస్‌ని ఆపే కాపలాని ఆపేస్తాడు. అది ఆపితేనే ఇది ఎక్కుతుంది. అంటే కాపలావాణ్ణి పక్కకు పంపి, ముఖం తెలియని వాడెవడినో ఇంట్లోకి పిలిచినట్టు. ఆ ఇంట్లో ఏమున్నాయి? సాక్షుల పేర్లున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి, ఎవరు ఎక్కడ పనికి పోతారో ఉంది. పెళ్లి పత్రికలు కొట్టుకునే కంప్యూటర్ అయితే వేరు. మనది సంఘం కంప్యూటర్.

మరి కొందామా? కొనగలిగితే కొనండి, తప్పులేదు. అప్పుడు కూడా రెండు జాగ్రత్తలు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీసుని మొదటిసారి తెరిచేటప్పుడు ఒక ఈమెయిల్‌కి కడతారు. చాలాచోట్ల షాపువాడు తొందరలో తన ఈమెయిల్‌కే కట్టేస్తాడు. రేపు మళ్లీ ఎక్కించాలంటే వాడి కాళ్లు పట్టుకోవాలి. కాబట్టి సంఘం పేరుతో ఈమెయిల్ పెట్టి, దగ్గరుండి దానికే కట్టించండి. రెండోది, కొన్నది కూడా కలకాలం ఉండదు. 2025 అక్టోబర్ 14తో ఆఫీస్ 2016కీ, 2019కీ, విండోస్ 10కీ మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. మనకు దానంగా వచ్చే కంప్యూటర్లలో ఎక్కువ ఆ కాలం నాటివే.

డబ్బూ వద్దు, దొంగతనమూ వద్దు అనుకుంటే దారి ఉంది. దాని పేరు లిబ్రెఆఫీస్. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. ఎవరైనా దించుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించుకోవచ్చు, పక్క ఊరి సంఘానికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చు. తాళంచెవి లేదు, యాక్టివేషన్ లేదు, ఎర్ర పట్టీ రాదు. ఉత్తరం రాసుకునేది, లెక్కల పట్టీ వేసుకునేది, మీటింగ్‌లో తెరమీద చూపించేది, మూడూ అందులోనే ఉన్నాయి.

ఎక్కించడం బ్రహ్మవిద్య కాదు. లిబ్రెఆఫీస్ వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి, వేరే చోట వద్దు. ముందు మీ యంత్రం 32 బిట్టా, 64 బిట్టా చూసుకోండి. 64 రకం 32 యంత్రంలో ఎక్కదు. విండోస్ 7, 8 ఉంటే 25.8 నుంచి వచ్చిన కొత్త రకాలు పనిచేయవు, పాత రకం తీసుకోవాలి. పాత దొంగ కాపీని కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేసి, కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, అప్పుడు ఇది ఎక్కించండి. ఎక్కించేటప్పుడు "కస్టమ్" అని నొక్కితే తెలుగు మెనూ కూడా ఎంచుకోవచ్చు.

ఇంకొకటి. పాత కంప్యూటర్ తెరవగానే తేదీ చూడండి. ఆపి పెట్టిన ప్రతిసారీ ఏళ్ల కిందటికి పోతోందంటే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పుంటే డబ్బు పెట్టి కొన్న ఆఫీసు కూడా యాక్టివేట్ కాదు, సైట్లు సరిగా తెరుచుకోవు. దీనికే "మదర్‌బోర్డు పోయింది" అని వేలు గుంజినవాళ్లున్నారు. బ్యాటరీ మీద సీఆర్2032 అని ఉంటుంది. వాచీల షాపులో చవగ్గా దొరుకుతుంది.

ఇక తెలుగు. మనవాళ్లు చాలామంది ఇప్పటికీ అను అక్షరాల్లోనే కొడుతున్నారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చిగీతలే. యూనికోడ్‌లో కొడితే ఫోన్లో, కలెక్టరాఫీసులో, ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. విండోస్‌లో భాషల దగ్గరికి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు. లిబ్రెఆఫీస్‌లో ఆప్షన్స్‌లోని భాషల దగ్గర "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" అనే గడిలో టిక్కు పెట్టి, తెలుగు ఎంచుకోండి. ఫాంట్ మార్చినా మారడం లేదని తలపట్టుకునేవాళ్లకు ఎక్కువగా మందు అక్కడే ఉంది. ఉచిత ఫాంట్లు బోలెడున్నాయి. వాటిలో శ్రీకృష్ణదేవరాయలున్నాడు, పెద్దన ఉన్నాడు, ధూర్జటి ఉన్నాడు. జాషువా పేరుతో ఒక్కటీ నా కంట పడలేదు. ఆ పని కూడా మన పిల్లలే చేయాలేమో!

"ఆఫీసర్లు వర్డ్ ఫైలే అడుగుతారు" అని కొందరి భయం. లిబ్రెఆఫీస్‌లో రాసింది వర్డ్ ఫైలుగా దాచుకోవచ్చు. గళ్లు, బొమ్మలు ఎక్కువుంటే అక్కడక్కడా కదులుతాయి, అది నిజమే. అందుకే అర్జీని పీడీఎఫ్ చేసి ఇవ్వండి. దాన్లో అక్షరం కదలదు.

ఇదంతా మన వల్ల అవుతుందా అనే అనుమానం వద్దు. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే చదువుతున్నారు. బెంగళూరు సుదర్శన్ లేఅవుట్ బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టి, పాత కంప్యూటర్ల మీద ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బస్తీ పిల్లలకు నేర్పారు. బాబాసాహెబ్ పేరు బోర్డుకే పరిమితం చేయలేదు వాళ్లు.

ఏప్రిల్ 14న దండలు వేస్తాం, డప్పులు కొడతాం. వేద్దాం, కొడదాం. అదే రోజు ప్రతి సంఘం ఇంకో పని కూడా చేయాలని నా మాట. వాడకి ఇద్దరు పిల్లల్ని ఎంచండి. ఇద్దరిలో ఒకరు ఆడపిల్లై తీరాలి. ఎక్కించడం, తీయడం, తేదీ దిద్దడం, తెలుగు చేర్చడం వాళ్లకు నేర్పించండి. సాక్షుల కాగితాలు రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచి, రెండిళ్లలో పెట్టండి. తాళం ఎవడిదో, చెవి ఎవడి దగ్గరుందో అర్జీ రాసే రాత్రి తెలుసుకునే కర్మ ఇంకే వాడకీ పట్టకూడదు.

మా అన్న కూతురు మా కంప్యూటర్లో దొంగ కాపీ తీసేసి లిబ్రెఆఫీస్ ఎక్కించింది. ఒక పూట పట్టింది. ఆ పిల్ల చదివింది ఇంటర్. మొన్న సోమవారం ఇచ్చిన అర్జీ అందులో కొట్టిందే. పదకొండు మంది మాటలూ ఎవరివి వాళ్లవిగా ఉన్నాయి.

జై భీం!