కాఫీకప్పులో సముద్రం

కాఫీకప్పును ఫొటో తీసి, అందులో అలలూ, తెరచాప పడవా అమర్చటం ఇప్పటి కుర్రవాళ్లకు సాయంకాలపు కాలక్షేపం. 1990లో వెలువడిన ఫొటోషాప్‌కు 1994లో పొరలు వచ్చి చేరాయి. కప్పు ఒక పొర, కడలి ఒక పొర. వెలుగూ నీడా రెండింటికీ ఒకే వైపు నుంచి కుదిరితే కన్ను ఇట్టే నమ్మేస్తుంది.

ఆలోచన మాత్రం పాతదే. 1921లో పారిస్‌లో మాన్ రే ఇస్త్రీపెట్టె అడుగున మేకులు అతికించాడు. 1936లో మెరెట్ ఓపెన్‌హైమ్ టీకప్పుకూ, సాసరుకూ, చెంచాకూ బొచ్చు తొడిగింది. 1957లో మన 'మాయాబజార్'లో, మార్కస్ బార్ట్‌లే కెమెరా చలవవల్ల, లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరాయి.

ఇదంతా అబద్ధం కాదా అంటారేమో! ఈ చిక్కును మన ఆలంకారికులు ఏనాడో విప్పారు. ముఖాన్ని చూసి 'చంద్రుడేమో' అంటే ఉత్ప్రేక్ష. ఆ 'ఏమో'లోనే ఉంది కవి నిజాయితీ. కప్పులోని పడవా అదే మాట అంటుంది. వరద రాని ఊరికి వరద అంటించి, 'ఇదుగో నిన్నటి దృశ్యం' అని పదిమందికీ పంపినవాడు ఆ 'ఏమో'ను చెరిపేస్తున్నాడు.

మీ అబ్బాయి ఇలాంటి బొమ్మ చేసి చూపిస్తే మెచ్చుకోండి. అడుగున 'ఇది కల్పన' అని ఒక్క మాట రాయించండి. బొమ్మ అందం తగ్గదు. చూసేవారి నమ్మకమూ చెడదు.