మంచి గుడ్డ కడితే ఎవడికి మంట?



భీమడోలు సెంటర్లో ఏదో ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి చూడండి. ఏలూరులో చదువుకుంటున్న మన పేట కుర్రోడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లేసుకుని రైలు దిగి వస్తుంటాడు. బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి పక్కోడితో అంటాడు, "ఈళ్ళ ఏషాలు చూడండ్రా" అని. ఆ కుర్రోడు ఆయన్ని తిట్టలేదు. ఆయన చేను గట్టు తియ్యలేదు. అప్పు ఎగ్గొట్టలేదు. శుభ్రమైన గుడ్డ కట్టుకున్నాడు, అంతే. మరి ఆయనకి మంట దేనికి?

మా తాత పాలేరు. కామందుల వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. పంచె మోకాలు దిగకూడదు. భుజం మీద కండువా తీసి నడుముకి చుట్టుకోవాలి. ఆ చెప్పులు కుట్టింది మాదిగోడే. ఆ ముతక పంచె లాంటివి నేసింది మాలపల్లి మగ్గాల మీదే. కుట్టినోడు తొడుక్కోకూడదు, నేసినోడు కట్టుకోకూడదు. ఇదీ మన ఊరి ధర్మం!

ఈ రోగం మన దేశానికే ఉందనుకుంటాం. తెల్లోళ్ళ దేశాల్లోనూ ఉండేది. కాకపోతే వాళ్ళు దాన్ని చట్టం చేసి కాయితం మీద రాసుకున్నారు. ఆ కథ మనకి బళ్ళో చెప్పరు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చెప్పి పంపించేస్తారు.

1348లో ఇంగ్లాండులో ప్లేగు పడింది. మూడో వంతు నుంచి సగం దాకా జనం పోయారు. బతికిన కూలోళ్ళకి గిరాకీ వచ్చింది, కూలి పెంచమన్నారు. భూస్వాములు ఏం చేశారు? పాత కూలికే పని చెయ్యాలని 1351లో చట్టం తెచ్చారు. అయినా కూలి ఆగలేదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి కూలోడు కాస్త మంచి గుడ్డ కొన్నాడు. దాంతో 1363లో ఇంకో చట్టం. బండి తోలేవోడు, నాగలి పట్టేవోడు, గొర్రెలు, పందులు, పశువులు కాసేవోడు ముతక ఉన్ని గుడ్డ తప్ప ఇంకోటి కట్టకూడదన్నారు. ఆ చట్టాన్ని నడిపించలేక రెండేళ్ళు తిరక్కుండానే ఎత్తేశారు గానీ, బుద్ధి మారలేదు. తర్వాత రెండొందల ఏళ్ళకి పైగా అలాంటి చట్టాలు వస్తూనే ఉన్నాయి. 1604లో గానీ వాటిని రద్దు చెయ్యలేదు.

గమనించండి. కూలి పెరిగితే గుడ్డ మారింది. గుడ్డ మారితే దొరల కళ్ళు మండాయి. 1381లో అక్కడి రైతు కూలీలు తిరగబడ్డారు. వాళ్ళ మధ్య తిరిగిన జాన్ బాల్ అనే పాస్టరు, దొరలకి మఖమల్ ఏమిటి, మనకి ముతక గుడ్డ ఏమిటని జనాన్ని అడిగినట్టు ఆ కాలపు చరిత్రకారుడు ఫ్రాయ్‌సార్ట్ రాశాడు. ఆ పాస్టర్ని ఆ ఏడే ఉరి తీశారు.

మనిషిని గుడ్డతో గుర్తుపట్టి దూరం పెట్టడం కూడా వాళ్ళకి తెలుసు. యూదులు, ముస్లిములు వేరే రకం బట్టలు కట్టి తిరగాలని 1215లో రోములో చర్చి పెద్దల మహాసభ తీర్మానం చేసింది. ఏడొందల ఏళ్ళ తర్వాత, 1941లో, హిట్లర్ జర్మనీలో యూదుల చొక్కా మీద పసుపు నక్షత్రం కుట్టించాడు. అప్పుడు జరిగింది లోకానికంతా తెలుసు. గుడ్డ మీద గీత గీసినోడు అక్కడితో ఆగడు.

ఇంతకీ యూరపు కూలోడికి, పనిమనిషికి తేలికైన, రంగు పోని గుడ్డ ఎక్కణ్ణుంచి వెళ్ళింది? ఎక్కువగా మన దేశం నుంచే, అందులో మన తీరం నుంచి కూడా. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగింది ఈ గుడ్డ కోసమే. డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్ళు నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో గుడ్డ కొనే గిడ్డంగులు పెట్టారు. ఆ మాధవాయిపాలెం పేరే తిరగబడి 'మడపొలం' అయి, ఒక రకం నూలు గుడ్డకి పేరుగా యూరపు నిఘంటువుల్లో నేటికీ ఉంది. ఎర్ర రంగుకి నిజాంపట్నం వైపు ఇసక నేలల్లో దొరికే చిరువేరు వాడేవారు. సన్న గుడ్డ నేసింది సాలీలు, దేవాంగులు. ముతక గుడ్డ నేసే మగ్గాలు మాలపల్లుల్లోనూ ఆడాయి.

ఆ గుడ్డ వెళ్ళేసరికి అక్కడ ఇల్లాలికీ పనిపిల్లకీ తేడా చెరిగిపోసాగింది. రాబిన్సన్ క్రూసో నవల రాసిన డానియల్ డీఫో, పనిమనుషుల బట్టలు చూస్తే యజమానురాలు ఎవరో తెలియడం లేదని 1725లో కరపత్రం వేసి మరీ ఏడ్చాడు. అంత పెద్ద రచయితకి వచ్చిన ఏడుపు మన టీ కొట్టు పెద్దమనిషి ఏడుపే! ఫ్రాన్సు 1686లోనే అద్దకం గుడ్డని నిషేధించింది. ఇంగ్లాండు 1700లో పై దేశాల అద్దకం గుడ్డ దిగుమతి ఆపింది. 1721లో అద్దకం నూలు గుడ్డ కట్టుకోవడమే నేరం అంది. దీని వెనక అక్కడి ఉన్ని, పట్టు వ్యాపారుల లాభం ఉంది. 1719లో లండన్ పట్టు నేతగాళ్ళు పని పోయిన కోపంతో వీధిలో అద్దకం గుడ్డ కట్టుకున్న ఆడోళ్ళ మీద పడి బట్టలు చింపారు. వాళ్ళ ఆకలి నిజమే. కానీ పొట్ట కొట్టిన షావుకారు జోలికి పోలేక దారిన పోయే ఆడకూతురి మీద పడ్డారు. పేదోడు పేదోడి మీద పడితే షావుకారు హాయిగా నిద్రపోతాడు. ఈ ముక్క మన పేటలకీ పనికొస్తుంది.

చివరికి ఫ్రాన్సు విప్లవం వచ్చింది. ఎవరికి నచ్చిన గుడ్డ వాళ్ళు కట్టుకోవచ్చు, ఎవడూ అడ్డు చెప్పకూడదని 1793 అక్టోబరులో అక్కడి ప్రజాసభ శాసనం చేసింది. కాయితం మీద రాసిన కట్టడిని కాయితం మీదే కొట్టేశారు.

మరి మన దగ్గర? ఇంగ్లీషువాళ్ళ మిల్లు గుడ్డ వచ్చి మగ్గాలు మూలపడ్డాయి. మగ్గం పోయిన మాలోడు కామందు గుమ్మంలో పాలేరయ్యాడు. కానీ గుడ్డ మీద కట్టడి మాత్రం పోలేదు. ఎందుకంటే అది ఏ రాజూ సంతకం పెట్టిన చట్టం కాదు. కులం. అది ఊరి నోట్లో, రచ్చబండ మీద, కామందు కంటిచూపులో ఉంది. కాయితం మీద లేనిదాన్ని ఏ కాయితం కొట్టేస్తుంది?

బాబాసాహెబ్ దీన్ని బాగా ఎరుగును. ఇండోరు ప్రాంతంలో బలాయి కులస్తులు జరీ అంచు తలపాగా, రంగు అంచు పంచె కట్టకూడదనీ, వాళ్ళ ఆడోళ్ళు వెండి బంగారం పెట్టకూడదనీ సవర్ణులు హుకుం జారీ చేసిన సంగతి 1928 జనవరిలో పత్రికలో వచ్చింది. దాన్ని ఆయన 1936లో 'కుల నిర్మూలన'లో ఎత్తి చూపించారు. అంతకుముందే 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడోళ్ళతో, పై కులాల స్త్రీలు కట్టినట్టే చీర కట్టండని చెప్పారు. బొమ్మల్లో ఆయన వంటి మీదున్న నీలం కోటు సోకు కాదు. అది జవాబు.

చుండూరు గుర్తుందా? చదువుకున్న కుర్రోళ్ళు, రైల్వే ఉద్యోగాలు ఉన్న పేట అది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ నెల రోజులు రగిలింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాలు తగలడం ఒక వంక. తల ఎత్తి నడవడమే అసలు నేరం.

ఇప్పుడు ఒక మాట ప్రతి పేటలో చెప్పండి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దళితుడు నలుగురిలో కొత్త బట్టలు కట్టినా, చెప్పులేసుకున్నా, సైకిలు, మోటారు సైకిలు ఎక్కినా, పెళ్ళి ఊరేగింపు తీసినా అడ్డుకోవడం నేరమని 3వ సెక్షన్లో పేరు పెట్టి రాశారు. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు, జరిమానా. ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు విచారణ అక్కర్లేదని 2018లో కలిపారు. దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారి చెయ్యాలి.

ఇంగ్లాండులో 1363లో పేదోడు మంచి గుడ్డ కట్టకుండా చట్టం చేశారు. మన దేశంలో 2015లో, కడితే కొట్టేవోణ్ణి ఆపడానికి చట్టం చెయ్యాల్సొచ్చింది! సిగ్గు ఎవరిది?

ఇవాళ మన ఆడోళ్ళు కువైట్ వెళ్ళి, మగోళ్ళు కొల్లేటి చేపల చెరువుల మీద పనిచేసి నాలుగు రూపాయలు తెస్తున్నారు. ఆదివారం తెల్ల చీరతో చర్చికి వెళ్తుంటే, పెళ్ళికొడుకు కోటేసుకుని ఊరేగుతుంటే మళ్ళీ ఆ కళ్ళు మండుతాయి. మండనివ్వండి. ఏ పేటలో ఊరేగింపు ఆపినా, పక్క పేటోళ్ళు, మాలైనా మాదిగైనా, కలిసి స్టేషన్ మెట్లెక్కండి. సెక్షన్ పేరు చెప్పి కేసు రాయించండి. పిల్లలకి బందరు గుడ్డ కథ చెప్పండి.

మా తాత చేత్తో పట్టుకున్న చెప్పులు నేను కాళ్ళకేసుకుని అదే వీధిలో నడుస్తున్నాను. మా అమ్మాయి అటూ ఇటూ చూడకుండా నడవాలి. అంతే మనకి కావాల్సింది.

జై భీమ్!