"అన్నా, సంతకం పెట్టనా?"

సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగు గల్లీల్లో పెరిగినవాళ్లకు మొదట తెలిసిన తాళం సాంచాల చప్పుడే. తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన మాలాంటి పద్మశాలి కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకుని బతికాయి. మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో అక్షరాలు దిద్దిన నేను యూనివర్సిటీ దాకా వచ్చాను. మా చిన్నమ్మ కొడుకు మాత్రం పదో తరగతి తర్వాత సాంచా దగ్గరికే పోయాడు. వాడు ర్యాప్ రాస్తాడు. తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి రాస్తాడు.

పోయినేడు ఒక చిన్న స్టూడియో వాళ్లు వాడి పాటకు వీడియో తీస్తామన్నారు. చేతిలో ఐదు వేలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. వాడు దాన్ని ఫోటో తీసి నాకు పంపి అడిగాడు: "అన్నా, సంతకం పెట్టనా?" అణగారిన గొంతుల మీద సెమినార్లలో పేపర్లు చదివిన నాకు ఆ కాగితం అర్థం కాలేదు. "నీ ఇష్టం రా" అన్నాను. వాడు పెట్టేశాడు. వీడియోలో వాడి పేరు చిట్టచివర, అదీ తప్పుగా పడింది. అందులో నా తప్పు ఎంత ఉందో ఆలోచిస్తుంటే నాకు రాజకుమారి గుర్తొచ్చింది.

రాజకుమారి అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి, చిన్నప్పటి నుంచి కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. 2013లో ఇగ్గీ అజీలియా 'ఛేంజ్ యువర్ లైఫ్', 2014లో ఫాల్ అవుట్ బాయ్ 'సెంచరీస్' పాటల రచనలో పాలుపంచుకుంది. 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్' చేసింది. 2018లో 'జీరో' సినిమాలో పాడింది. 2019లో 'గల్లీ బాయ్'లో కాసేపు కనిపించింది, అదే ఏడాది 'ఎంటీవీ హసిల్' షోలో జడ్జిగా కూర్చుంది. ఆ తర్వాత గాడ్‌మదర్ రికార్డ్స్ పేరుతో సొంత లేబుల్ పెట్టి, 2023లో 'ది బ్రిడ్జ్' ఆల్బమ్ విడుదల చేసింది.

పత్రికలు ఆమె గురించి రాసినప్పుడల్లా బొట్టు, నగలు, మూలాలు అంటూ మురిసిపోతాయి. నాకు మాత్రం ఆమె ప్రయాణంలో ముఖ్యమైనవి రెండే కనిపిస్తాయి. తెర మీద మొహం కనిపించకముందే పాట రచయితల జాబితాలో ఆమె పేరు ఉంది. తర్వాత లేబుల్ కూడా ఆమెదే అయింది.

ఆమె ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. అయితే ప్రతిభ ఒక్కటే అక్కడిదాకా తీసుకుపోదు. చిన్నప్పుడే నాట్య శిక్షణ, పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషు, అమెరికా పాటల పరిశ్రమ దగ్గరలోనే ఇల్లు. ఇదంతా పెట్టుబడే. మా తమ్ముడికి ఉన్నది సాంచా చప్పుడు, ఒక ఫోను. బస్తీ గురించిన పాటకు మార్కెట్ దొరుకుతుంది. బస్తీ పిల్లగాడికి మాత్రం కాగితం చదివి చెప్పే మనిషి దొరకడు.

తెర ఏం చేస్తుందో 'గల్లీ బాయ్' చూస్తే తెలుస్తుంది. జోయా అఖ్తర్ తీసిన ఆ సినిమా ధారావిని, ఒక డ్రైవర్ కొడుకును హీరోను చేసింది. మంచిదే. కానీ క్యాంపస్‌లలో మనువాదం నుంచి ఆజాదీ కావాలని మోగిన నినాదం సినిమా పాటలోకి వచ్చేసరికి మనువాదం అన్న మాటే మాయమైంది. పేదరికం తెరకెక్కింది, కులం గేటు బయటే ఉండిపోయింది. పాట మీద అధికారం లేనప్పుడు మన మాటల్లో ఏవి ఉంచాలో, ఏవి కొట్టేయాలో ఇంకొకరు తేలుస్తారు.

తమిళనాడు ర్యాపర్ అరివు సంగతి చూడండి. 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' దేశమంతా మోగింది. శ్రీలంక టీ తోటల్లో చాకిరీ చేసిన తన ముందు తరం కథను అరివు ఆ పాటలో పెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉంది, అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. విమర్శలు పెరిగాకే అరివుతో వేరే ముఖచిత్రం వచ్చింది. అంత పేరున్నవాడికే అట్లా జరిగితే లింబాయత్ పిల్లగాడు ఏ లెక్క?

బాబాసాహెబ్ ఈ సంగతి వందేళ్ల కిందటే గుర్తించాడు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ స్థాపించిన 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదు. ఇంకొకరి పత్రికలో కాస్త చోటు అడుక్కుంటూ ఆయన ఆగిపోలేదు. సొంత పత్రికలు నడిపాడు, అచ్చు యంత్రం కూడా మన చేతుల్లో ఉండాలని భారత్ భూషణ్ ప్రెస్ నడిపించాడు. నేటి ర్యాపర్‌కు లేబులే ఆ ప్రెస్సు. మన దగ్గర ప్రాతినిధ్యం మీద చర్చ ఎంతో ఉంది, యాజమాన్యం మీద దాదాపు లేదు.

ఆలస్యంగానైనా నేను కాపీరైట్ చట్టం తెరిచాను. 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు హక్కులు రాసిచ్చినా, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు వాళ్లకే ఉంటుంది. సినిమా పాటైతే, హాల్లో సినిమాతో పాటు వినిపించినదానికి మాత్రం ఇది వర్తించదు. ఆ వాటాను వారసులకో, వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు. వదులుకున్నానని కాగితం మీద రాసినా చెల్లదు. రచయితల కోసం ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ఉంది. ఇదంతా బహిరంగంగా దొరికే చట్టమే. అడిగిన రోజు నేను ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే సరిపోయేది.

అందుకే క్యాంపస్‌లలోని అంబేడ్కరైట్ విద్యార్థి సంఘాలను, ముఖ్యంగా లా చదివే మిత్రులను ఒకటి అడుగుతున్నాను. ర్యాప్ మీద ఇంకో సెమినార్ పెట్టే ముందు, నెలకో సాయంత్రం మన బస్తీల కళాకారుల కాగితాలు చదవడానికి కూర్చోండి. తెలుగులో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. 'బోధించు' అన్న మాట మనం రోజూ గోడల మీద రాస్తాం. అందులో ఇది కూడా ఉంది.

మొన్న తమ్ముడికి ఫోన్ చేసి, వాడి వాటా పూర్తిగా పోలేదని చెప్పాను. అవతల సాంచాలు మోగుతున్నాయి, సగమే వినపడింది. "మళ్లీ చెప్పన్నా" అన్నాడు. మళ్లీ చెప్పాను.