అడగకముందే

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా చాలా తెలుగు చర్చిల్లో సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం సాగుతుంది. మొదటి మాట క్షమించమని తండ్రిని వేడుకోవడం. నలుగురు సువార్తికుల్లో దాన్ని రాసిపెట్టింది లూకా ఒక్కడే. అప్పటికి మేకులు దిగాయి. దిగగొట్టిన సైనికులు సిలువ కిందే కూర్చుని ఆయన బట్టలకు చీట్లు వేసుకుంటున్నారు. తప్పయిందని ఎవరూ అనలేదు. అనబోయే సూచనా లేదు. అయినా ప్రార్థన వాళ్ల కోసమే. దైవప్రేమ మన మంచితనం చూసి పుట్టదనడానికి క్రైస్తవానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

మరి అడగకముందే క్షమిస్తే తప్పుకు లెక్కేముంది? జవాబు కూడా లూకా దగ్గరే దొరుకుతుంది. యెరికోలో జక్కయ్య సుంకరుల పెద్ద, జనాన్ని పిండి కూడబెట్టినవాడు. పొట్టివాడు కాబట్టి యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కాడు. ఆయన చెట్టు కింద ఆగి, తలెత్తి, ఈ పూట నీ ఇంట్లోనే ఉంటానన్నాడు. పాపి ఇంట బసేమిటని ఊరు సణిగింది. జక్కయ్య మాత్రం లేచి నిలబడి ఆస్తిలో సగం బీదలకిస్తానని, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తానని మాటిచ్చాడు. ప్రేమ ముందు గడప దాటింది, లెక్క తేలడం దాని వెనకే వచ్చింది. క్షమ అప్పు పత్రాన్ని చించలేదు. ఎగ్గొట్టేవాడి చేతనే తీర్పించింది.

ఇది బైబిలు కథల్లోనే జరుగుతుందనుకుంటే ఒడిశా వైపు చూడాలి. గ్రాహం స్టెయిన్స్ 1965 నుంచి మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా దేశస్థుడు. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో జీపులో నిద్రపోతుండగా ఆయన్నూ, ఇద్దరు కొడుకులు ఫిలిప్, తిమోతిలనూ మూక తగలబెట్టింది. పెద్దవాడికి పదేళ్లు, చిన్నవాడికి ఆరు. భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానని చెప్పింది. చెప్పి స్వదేశానికి విమానం ఎక్కలేదు. కూతురితో బారిపదలోనే ఉండి 2004 దాకా ఆ రోగుల బాగోగులు చూసింది. కోర్టు పని కోర్టు చేసింది. ప్రధాన ముద్దాయి దారాసింగ్‌కు కింది కోర్టు వేసిన ఉరిని హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమ ఆ విచారణకు ఎక్కడా అడ్డు రాలేదు.

ఇక్కడే మన గడ్డ మీద ఒక మాట అడగాలి. 1985 జూలైలో కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. అలా ఇరవై మూడేళ్లు ఎదురుచూసినవాళ్లకు, ‘పోనీలెండి, క్షమించేయండి, మీ ప్రభువు చెప్పిందదే కదా’ అని బయటివాళ్లు హితవు చెబితే అది సువార్త కాదు, రాజీకి ఒత్తిడి. గ్లాడిస్ చేత ఎవరూ క్షమింపజేయలేదు. గాయపడ్డవాళ్లు తమంతట తాము ఇస్తేనే అది క్షమ. పక్కనుండి ఇప్పించేది పెత్తనం.

మన సాహిత్యంలో ఈ సంగతి జాషువాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అంటరానితనం మీద గబ్బిలం చేత శివుడికి ఫిర్యాదు పంపిన కవే ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. క్షమించేవాణ్ణి కీర్తించడానికి ఆయన తన ఫిర్యాదును వెనక్కి తీసుకోలేదు. రెండూ ఒకే కలంలో ఇమిడాయి.

ఈ శుభ శుక్రవారం ప్రసంగ పీఠం ఎక్కే పెద్దలకు మా మనవి ఒకటే. మొదటి మాట మీద ధ్యానం చెప్పేటప్పుడు జక్కయ్యను మర్చిపోకండి. దెబ్బ తిన్నవాళ్లకు క్షమించమని బోధించే ముందు, కొట్టినవాళ్లకు నాలుగింతలు తిరిగి ఇమ్మని చెప్పండి.