పరీక్షకు ముందు సహాధ్యయనము

ఈ మాసము మన ద్వీపమును విడిచి, బహ్రెయిను అను మరియొక ద్వీపమునందలి పిల్లల చదువును గూర్చి ముచ్చటింపదలచితిమి. మన పూర్వులు చెరకుతోటలలో పనిచేయుటకై ఓడలెక్కి వచ్చిరి. నేటి తెలుగువారు విమానములెక్కి గల్ఫు దేశములకు పోవుచున్నారు. నాటి ఒప్పందమునకును నేటి ఒప్పందమునకును భేదము మిక్కిలి కలదు. అయినను బిడ్డల చదువును గూర్చి తల్లిదండ్రులు పడు దిగులు మాత్రము నాడును నేడును ఒక్కటే.

బుదైయా యనునది బహ్రెయిను వాయవ్యతీరమునందలి గ్రామము. మనామా నగరమునుండి పడమరగా పోవు బుదైయా రహదారి తోటలుగల పల్లెలమీదుగా అచ్చటికి చేరును. ఆ దేశమునందలి భారతీయ పాఠశాలలలో పేరుగాంచినది 1950లో స్థాపింపబడిన ఇండియన్ స్కూలు. దాని పెద్ద తరగతులు ఈసా టౌనునందు నడచును. బుదైయా వైపున కాపురముండు పిల్లలు దూరము ప్రయాణము చేసి బడికి పోవలెను. అందుచేత పరీక్షలు సమీపించినపుడు, ఇరుగుపొరుగున నున్న నలుగురైదుగురు ఒక ఇంట చేరి లెక్కలు చేసికొనుట వారికి ఎంతయు అనుకూలము.

ఈ పాఠశాలల పిల్లలు పండ్రెండవ తరగతి చివర వ్రాయునది ఢిల్లీలోని కేంద్ర మాధ్యమిక విద్యామండలివారి పరీక్ష. భౌతికశాస్త్రమునకు నూరు మార్కులలో 70 వ్రాతపరీక్షకు, 30 ప్రయోగములకు. వ్రాతపరీక్షకు మూడు గంటలు. లెక్కించినచో ఒక్కొక్క మార్కునకు రెండున్నర నిమిషముల పైచిల్లర మాత్రమే దక్కును. విద్యుత్తు, అయస్కాంతత్వము, కాంతి, పరమాణువు మొదలైన భాగములలో ఏ ప్రశ్న వచ్చినను ఆ వ్యవధిలోనే ముగింపవలెను.

పరాయి దేశమున ఈ పరీక్షకు బరువు హెచ్చు. తండ్రి ఉద్యోగము ముగిసినచో కుటుంబము దేశము విడువవలసివచ్చును. ఈ యేడు తప్పినచో వచ్చే యేడు ఇదే బడిలో చూచుకొందమను ధైర్యము అందరికిని ఉండదు. పరీక్ష ముగిసిన పిమ్మట ఒకరు హైదరాబాదునకు, ఒకరు విశాఖపట్టణమునకు, మరియొకరు వేరొక దేశమునకు పోవుదురు. ఒక్క బల్లచుట్టు కూర్చున్నవారు మరల అట్లు కూర్చుండుట అరుదు. కావున కలిసి చదువుట ఎంత మేలైనను, ఒంటరిగా నిలుచుటకు అది తోడ్పడవలెను. మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

సహాధ్యాయులవలన విద్యలో ఒక పాలు వచ్చునని మన పెద్దలు చెప్పుచుండిరి. వేదము నేర్చు పిల్లలు గురువు చెప్పిన సంతను ఒకరియెదుట ఒకరు కూర్చుండి వల్లించి, స్వరము తప్పినచోట దిద్దుకొందురు. అచ్చట విన్నది విన్నట్లు పలుకుటయే ప్రధానము. భౌతికశాస్త్రపు లెక్కకు అంతమాత్రము చాలదు. తోడివాడు చేసిన లెక్కను నూరుమార్లు వల్లించినను, అంకెలు మారిన మరుక్షణము చేయి ఆగిపోవును.

ఒక ఉదాహరణము చెప్పెదము. 20 సెంటీమీటర్ల నాభ్యంతరముగల కుంభాకార కటకమునకు 30 సెంటీమీటర్ల దూరమున ఒక దీపమున్నది. దాని ప్రతిబింబము ఎంత దూరమున ఏర్పడునని ప్రశ్న. సూత్రము అందరికిని కంఠస్థమే. ఒక బాలుడు 60 సెంటీమీటర్లనెననుకొందము. ఒక బాలిక 12 అనెననుకొందము. పుస్తకము చివర జవాబు 60 అని యున్నది. బాలిక తన 12ను కొట్టివేసి, ప్రక్కవాని పుస్తకము చూచి 60 వ్రాసికొని, “అర్థమైనది” అని తల యూపినచో, ఆ సాయంకాలము ఆమె నేర్చినదేమియు లేదు. ఆ సమూహమువలన ఆమెకు కలిగిన లాభమును లేదు.

అట్లుగాక, “నీకు 12 ఎట్లు వచ్చినది?” అని తోడివారు మన్ననతో అడిగిరనుకొందము. ఆమె మెట్టు మెట్టుగా చెప్పుకొని వచ్చును. వస్తువు కటకమునకు కాంతి వచ్చు ప్రక్కనే యున్నందున వస్తుదూరమునకు ఋణచిహ్నము పెట్టవలెను. అది మరచుటచేత, ఇరువదియవ వంతునుండి ముప్పదియవ వంతును తీసివేయవలసినచోట కూడినదని అప్పుడు బయటపడును. తీసివేసినచో అరువదియవ వంతు, కూడినచో పండ్రెండవ వంతు. ఇంక ఆ చిహ్నమును ఆమె సులభముగా మరువదు.

అంతటితోను ఆగరాదు. “పుస్తకము చూడకయే 12 తప్పని తెలిసికొనగలమా?” అని మరియొకరు అడుగవలెను. తెలిసికొనవచ్చును. సూర్యునివలె మిక్కిలి దూరముననున్న వస్తువు ప్రతిబింబము ఈ కటకమునకు 20 సెంటీమీటర్ల దూరమున పడును. వస్తువు దగ్గరకు వచ్చుకొలది ప్రతిబింబము దూరముగా జరుగును. కావున గోడమీద పట్టదగిన ప్రతిబింబము 20 కంటె దగ్గరగా ఏర్పడుట అసంభవము. ఇంటిలో తగిన భూతద్దమున్నచో దీపము నెదుట పెట్టి చూడవచ్చును. అరువది సెంటీమీటర్ల దూరమున గోడమీద జ్వాల తలక్రిందులుగా, రెండింతలై కనబడును. మావలె ప్రాథమిక విద్యతో ఆగినవారికిని ఇది కన్నులార చూచినచో బోధపడును.

ఈ విషయమున గల్ఫు ప్రాంతపు పిల్లలకు తమ ప్రాంతముననే ఆదర్శము కలదు. సుమారు 965లో బస్రాయందు జన్మించిన ఇబ్న్ అల్ హైతమ్ కాంతిశాస్త్రమున గొప్ప గ్రంథము వ్రాసెను. వస్తువులనుండి కాంతి కంటిలోనికి వచ్చుటచేతనే చూపు కలుగునని ఆయన నిరూపించెను. పూర్వపండితుల మాటయైనను పరీక్షింపక అంగీకరింపరాదని బోధించెను. బహ్రెయినునందు ఆయన పేర ఒక పాఠశాలయు కలదు. అంతటివాడు పూర్వపండితులనే ప్రశ్నించినపుడు, ప్రక్కనున్న మిత్రుని జవాబును ప్రశ్నించుటకు మన పిల్లలు సంకోచింపనేల?

కలిసి చదువువారు పాటింపదగిన కొన్ని నియమములు వ్రాయుచున్నాము. మొదట పది పదునైదు నిమిషములు ఎవరి లెక్క వారు మౌనముగా చేయవలెను. పిమ్మట జవాబులు సరిచూచుకొనవలెను. భేదము వచ్చినపుడు త్వరగా ముగించినవారు కాక, తడబడినవారే మొదట చెప్పవలెను. నవ్వినవారికి ఆ బల్లయొద్ద చోటుండరాదు. జవాబు ప్రక్కన ప్రమాణము వ్రాయనిచో లెక్క ముగియనట్లే. మరునాడు పుస్తకము మూసి, ఎవరికి వారు అదే లెక్కను మరల చేయవలెను. అప్పుడు వచ్చినదే తనది. రానిది ఇంకను మిత్రునిదే.

పెద్దలకును కొంత పని కలదు. రాత్రివేళ పిల్లలను ఇండ్లకు చేర్చు భారమును తల్లిదండ్రులు వంతులవారీగా వహింపవలెను. ఇటీవలి సంవత్సరములలో రంజాను మాసము పరీక్షల కాలముతో కలియుచున్నది. ఉపవాసమున్న సహాధ్యాయులున్నచో ఇఫ్తారు ముగిసిన పిమ్మట కూడుట మర్యాద. టీ ఇచ్చుటకు వచ్చిన తల్లి “ఎన్ని మార్కులు వచ్చును?” అని అడుగుటకంటె, “నేడు ఏమి తెలిసినది?” అని అడుగుట మేలు.

పరీక్షదినమును మాత్రమే నమ్ముకొనుట ఎంత ప్రమాదమో 2021లో లోకమునకు తెలిసినది. ఆ యేడు కరోనా కారణమున ఆ మండలివారు పండ్రెండవ తరగతి పరీక్షలను రద్దుచేసి, పది, పదునొకండు, పండ్రెండు తరగతులలో పిల్లలు చూపిన ప్రజ్ఞనుబట్టి ఫలితములిచ్చిరి. చివరి మాసమున పట్టుపట్టి చదువుదమని కూర్చున్నవారికి ఆ అవకాశమే లేకపోయెను. నిత్యాభ్యాసము చేసినవారికి అది అక్కరకు వచ్చెను.

మన ద్వీపమునందును చివరి పరీక్షకు సిద్ధపడు పిల్లలున్నారు. ట్యూషనులకు పైకము చెల్లింపగల ఇండ్లు కొన్ని. చెల్లింపలేని ఇండ్లు కొన్ని. చెల్లింపలేని ఇంటి బిడ్డ వెనుకబడుట ఆ ఒక్క ఇంటి నష్టము కాదు, మనయందరి నష్టము. వారమునకు ఒక సాయంకాలము మన దేవాలయపు మండపమున ఒక బల్ల, ఒక నల్లబల్ల, మంచి దీపము ఏర్పరచినచో, ఆ బిడ్డకును సహాధ్యాయులు దొరకుదురు. వ్యయము స్వల్పము. పెద్ద చదువు చదివిన యువకులు ఒకరిద్దరు వచ్చి కూర్చున్న చాలును. ఈ విషయము సభ్యులు ఆలోచింపవలెనని మా ప్రార్థన.

విద్యార్థులెల్లరును కలిసి ప్రశ్నించి, తాముగా తెలిసికొని, ధైర్యముతో పరీక్షకు పోవుదురుగాక.